ప్రార్థన మాకొచ్చింది, పుడ్డింగ్ రాలేదు

ఇంగ్లాండులో క్రిస్మస్ వంట డిసెంబరులో మొదలవదు. క్రిస్మస్ కోసం సిద్ధపడే అడ్వెంట్ కాలానికి సరిగ్గా ముందు వచ్చే ఆదివారం, అంటే నవంబరు 20కీ 26కీ మధ్యలో మొదలవుతుంది. ఆ రోజును స్టిర్-అప్ సండే అంటారు. ఇంటిల్లిపాదీ ఒక పెద్ద గిన్నె చుట్టూ చేరి, ఎండుపళ్లూ మసాలాలూ కలిపిన క్రిస్మస్ పుడ్డింగ్ ముద్దను తలా ఒకసారి గరిటెతో తిప్పి, మనసులో ఒక కోరిక కోరుకుంటారు. తర్వాత దాన్ని గంటల తరబడి ఆవిరి మీద ఉడికించి, చల్లటి చోట దాచి, పండుగనాడు మళ్లీ వేడి చేసి తింటారు.

ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఈ పని లేదు. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ గిన్నెలో రెడీగా దొరుకుతుంది, మైక్రోవేవ్‌లో పెట్టుకుంటే చాలు. మేము క్యాంటర్బరీకి మారాక మొదటి క్రిస్మస్‌కి అలాంటిదే కొనుక్కున్నాం. నల్లగా, తియ్యగా, బరువుగా ఉంది. అంతకు మించి నాకేమీ తెలియలేదు. ఇంట్లో చేసి తీరాలన్న పట్టుదల నాకు ఆ రుచి వల్ల రాలేదు. ఒక ప్రార్థన వల్ల వచ్చింది.

మాది డోర్నకల్. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు పనిచేసిన ఊరు. మా నానమ్మ చిన్నప్పుడు అక్కడి ఆరాధన అంతా ఇంగ్లాండు చర్చి ప్రార్థన పుస్తకాన్ని తెలుగు చేసుకున్న క్రమంలోనే జరిగేది. ఆమె దగ్గర అట్టలు ఊడిపోయిన ఆ పుస్తకం ఉండేది. ఏ ఆదివారానికి ఏ ప్రార్థనో ఆమెకు కంఠతా వచ్చు. అలాంటి ఇంట్లో పెరిగి, ఆ చర్చికి మూలమైన ఈ క్యాంటర్బరీలోనే ఉద్యోగరీత్యా వచ్చి పడ్డాను. మా పక్కింటి పెద్దావిడ, ఎనభై దాటిన మనిషి, ఒక నవంబరు ఆదివారం పొద్దున్నే నన్ను తనతో పాటు వాళ్ల పారిష్ చర్చికి తీసుకెళ్లింది. అక్కడ ఎనిమిది గంటల ఆరాధన ఇంకా పాత పుస్తకం ప్రకారమే చేస్తారు. ఫాదర్ గారు ఆనాటి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రభువా, నీ విశ్వాసుల మనసులను కదిలించు, వారు మంచి క్రియల ఫలాలు సమృద్ధిగా ఫలించేలా చేయి అని దాని భావం. నాకు నానమ్మ గొంతు వినిపించింది. పక్కనే ఉన్న పెద్దావిడ నా మోచేతిని మెల్లిగా తట్టి, "విన్నావుగా, ఇంక ఇంటికెళ్లి పుడ్డింగ్ కలపాలి" అంది.

ఆ ప్రార్థన 1549 నాటి మొదటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలోనే ఉంది. అంతకు ముందు లాటిన్‌లో ఉండేది. దాని మొదటి రెండు మాటలు "స్టిర్ అప్", అంటే కదిలించు అనీ అర్థం, గరిటెతో కలుపు అనీ అర్థం. ఇళ్లల్లో ఆడవాళ్లకు ఆ మాటలు చెవిన పడగానే గిన్నె, గరిటె గుర్తుకొచ్చేవి. చర్చిలో పాటలు పాడే క్వయర్ పిల్లలైతే అదే రాగంలో, కుండలో పుడ్డింగ్ కలుపు ప్రభువా, ఇంటికెళ్లగానే వేడివేడిగా అంతా తినేస్తాం అని పాడుకునేవారు. భక్తికీ వంటింటికీ మధ్య ఇంత చనువు నాకు చాలా నచ్చింది. మిషనరీలు ప్రార్థనను మా ఊరి దాకా మోసుకొచ్చారు, తెలుగులో పెట్టారు, మా నానమ్మ నోట నిలిపారు. దాని వెనకున్న పుడ్డింగ్ మాత్రం మా ఇళ్ల దాకా రాలేదు. మాకు క్రిస్మస్ అంటే అరిసెలు, కజ్జికాయలు, గులాబీపూలు, వాకిట్లో వేలాడే కాగితం నక్షత్రం. వాటితో మాకు ఏ లోటూ లేదు. కానీ ఆ ప్రార్థనకు ఇంకో సగం ఈ దేశపు వంటగదిలో ఉందని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. వచ్చే ఏడు నాకు నేర్పమని ఆ చర్చి మెట్ల మీదే ఆమెను అడిగాను.

మరుసటి నవంబరుకి మా అమ్మ కూడా విజిటర్ వీసా మీద వచ్చి ఉంది. దాంతో ముందే రెండు చిక్కులు తేల్చుకోవాల్సి వచ్చింది. సంప్రదాయం ప్రకారం పుడ్డింగులో పడేది సూయెట్, అంటే పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. అమ్మ గొడ్డు మాంసం ముట్టదు. రెండోది బ్రాందీ. మా ఇంట్లో మందు వాసన కూడా పడదు. పెద్దావిడకి ఈ సంగతి చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాను గానీ, ఆమె తేలిగ్గా తీసుకుంది. సూయెట్ ఇప్పుడు శాకాహారంగా, నూనెతో చేసినది కూడా దొరుకుతుందట. బ్రాందీ బదులు నారింజ రసం పోసుకోవచ్చు, కాకపోతే అది బయట నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టాలి అంది. చివరికి రెండు పుడ్డింగులు చేద్దామనుకున్నాం. ఒకటి ఆమెకు బ్రాందీతో, ఒకటి మాకు నారింజ రసంతో. రెండింట్లోనూ శాకాహార సూయెట్టే.

పదమూడు రకాల సరుకులు పడాలన్నది ఆమె పట్టు. క్రీస్తుకి ఒకటి, పన్నెండు మంది శిష్యులకు పన్నెండు. మావి ఇవీ: కరంట్లు, సుల్తానాలు, రైజిన్లు, చక్కెర పాకంలో ఊరబెట్టిన నారింజ నిమ్మ తొక్కలు, బాదం పలుకులు, తురిమిన ఆపిల్, సూయెట్, బ్రెడ్ తురుము, మైదా, ముదురు మస్కవాడో చక్కెర, గుడ్లు, మసాలా పొడి, బ్రాందీ లేదా రసం. మూడు రకాల ఎండుద్రాక్ష ఎందుకని అమ్మ అడిగింది. రుచి చూపించాను. కరంట్లు చిన్నవి, నల్లనివి, కాస్త పులుపు. సుల్తానాలు లేత రంగులో మెత్తగా ఉంటాయి. రైజిన్లలో తీపి ఎక్కువ. మిక్స్‌డ్ స్పైస్ అనే మసాలా డబ్బా మూత తీయగానే అమ్మ "ఇందులో ధనియాలున్నాయే" అంది. నిజమే. దాల్చిన చెక్క, జాజికాయ, లవంగం, అల్లం పొడితో పాటు ధనియాలు కూడా ఉంటాయి. మన కూర పొడిలోవే తీపి వంటకంలో ఏం చేస్తున్నాయన్న ప్రశ్నకు జవాబు ఈ పుడ్డింగ్ పుట్టుకలోనే ఉంది. మధ్యయుగాల్లో ఇది తీపి వంటకం కాదు. గొడ్డు మాంసమో, గొర్రె మాంసమో వేసి, ఎండుపళ్లు, వైన్, మసాలాలు, బ్రెడ్ తురుముతో చిక్కగా కాచిన పులుసు. క్రమేణా మాంసం తగ్గిపోయింది, కొవ్వు మాత్రం మిగిలింది. 17వ శతాబ్దంలో గుడ్డలో మూటకట్టి ఉడికించే పద్ధతి బాగా వ్యాపించాక గుండ్రటి పుడ్డింగ్ అయింది. 1845లో ఎలైజా ఆక్టన్ తన వంటల పుస్తకంలో "క్రిస్మస్ పుడ్డింగ్" అన్న పేరుతోనే దీని తయారీని అచ్చు వేసింది. మనం ఈ రోజు చేసుకునేది దాదాపు ఆ రూపమే.

శనివారం రాత్రి ఎండుపళ్లను రెండు గిన్నెల్లో నానబెట్టాం. ఒక గిన్నెకి 150 గ్రాముల చొప్పున మూడు రకాలూ, 50 గ్రాముల తొక్కలు. ఆదివారం చర్చి నుంచి రాగానే మిగతావి కలిపాం: ఒక్కో గిన్నెకి సూయెట్ 100 గ్రాములు, బ్రెడ్ తురుము 100, మైదా 50, చక్కెర 200, రెండు గుడ్లు, ఒక ఆపిల్, గుప్పెడు బాదం, ఒక స్పూను మసాలా. ముద్ద గట్టిగా ఉంటుంది, గరిటె తిప్పడానికి భుజం నొప్పి పుడుతుంది. అందుకే ఇది ఒక్క మనిషి పని కాదు. చెక్క గరిటెనే వాడాలి, అది పశువుల తొట్టికి గుర్తు. తూర్పు నుంచి పడమరకు తిప్పాలి, ఎందుకంటే జ్ఞానులు తూర్పు నుంచి వచ్చారు. ఈ వివరణలు ఆచారం స్థిరపడ్డాక ఎవరో భక్తిగా జోడించినవని నా నమ్మకం. అయినా మా పాప దిక్సూచి తెచ్చి, గిన్నె పక్కన పెట్టి, తూర్పు ఎటో చూసి మరీ తిప్పింది. అమ్మ కళ్లు మూసుకుని ముందు ప్రార్థన చేసింది. ఆ పాత ఆదివారపు ప్రార్థననే తెలుగులో, పుస్తకం లేకుండా. పెద్దావిడకి భాష అర్థం కాలేదు, కానీ "ఆమెన్" అంది. మా ఆయన తిప్పాడు. కోరిక బయటికి చెప్పకూడదన్నది నియమం, కాబట్టి నాది ఇక్కడా చెప్పను.

నాణెం వేసే ఆచారం గురించి చెప్పాలి. పెద్దావిడ ఒక చిన్న అగ్గిపెట్టెలో దాచిన ఆరు పెన్నీల బిళ్ల తెచ్చింది. 1918 నాటిది. 1920కి ముందు ముద్రించిన ఆరు పెన్నీలు స్టెర్లింగ్ వెండివి. తర్వాత సగం వెండి, 1947 నుంచి అసలు వెండే లేదు. 1980లో చెల్లుబాటు కూడా పోయింది. వాళ్ల అమ్మమ్మ కాలం నుంచి అదే బిళ్ల ప్రతి ఏడూ పుడ్డింగులో పడుతోందట. ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ఆ ఏడాది కలిసొస్తుంది. మరునాడు బిళ్ల తిరిగి ఇచ్చేయాలి, బదులుగా ఆమె ఒక పౌండు చేతిలో పెడుతుంది. కొన్ని ఇళ్లల్లో ఉంగరం, అంగుస్తానా (కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు) కూడా వేసేవారు. ఉంగరం వస్తే పెళ్లి. బిళ్లను మరిగే నీళ్లలో కడిగి, బటర్ పేపర్‌లో చుట్టి వేశాం. పంటికి తగులుతుంది కాబట్టి తినేవాళ్లకి ముందే చెప్పాలి, మరీ చిన్నపిల్లలుంటే వేయకపోవడమే మేలు.

ఉడికించడం అసలైన పని. పుడ్డింగ్ బేసిన్ అని తెల్లటి పింగాణీ గిన్నె ఉంటుంది, అంచు కింద దారం కట్టడానికి గాడితో. లోపల వెన్న రాసి, ముద్దను నొక్కి నింపి, పైన ఒక వేలెడు ఖాళీ వదలాలి. దాని మీద బటర్ పేపర్, ఆపైన ఫాయిల్, రెండింటినీ మధ్యలో ఒక మడత పెట్టి కప్పాలి. పుడ్డింగ్ పొంగినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది. గాడిలో దారం బిగించి, అదే దారంతో పైన పిడిలా కడితే వేడి గిన్నెను ఎత్తడం సులువు. నేను ఇడ్లీ పాత్రలు రెండు వాడాను, ప్లేట్లు తీసేసి, అడుగున సాసర్ బోర్లించి. బేసిన్‌కి సగం ఎత్తు దాకా నీళ్లు. సన్నటి మంట మీద ఎనిమిది గంటలు. నీళ్లు తగ్గినప్పుడల్లా మరుగుతున్న నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. ఇంటి కిటికీలన్నీ ఆవిరి పట్టాయి. పెద్దావిడ ఇంట్లో వాళ్ల అమ్మమ్మ దీన్ని బట్టలు ఉడకబెట్టే రాగి గంగాళంలో, గుడ్డ మూటగా వేసేదట. యుద్ధకాలపు రేషన్ రోజుల్లో చక్కెర, పళ్లు చాలక, వాళ్ల అమ్మ క్యారెట్ తురుము వేసి చేసిందట. ఆమెకు జ్ఞాపకమున్న మొదటి పుడ్డింగ్ అదే.

ఆ ఎనిమిది గంటల్లో ఆమె మా ఊరి కథ చెప్పింది. మా ఊరంటే క్యాంటర్బరీ. రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం జరిగిన రోజుల్లో పార్లమెంటులో ప్యూరిటన్లది, అంటే నిష్ఠగా ఉండే ప్రొటెస్టెంట్లది పైచేయి. క్రిస్మస్ బైబిల్లో లేని పండుగనీ, తాగుడుకీ తిండికీ సాకనీ వాళ్ల వాదన. 1644లో డిసెంబరు 25 బుధవారం పడింది, నెలనెలా ఉపవాసం ఉండాల్సిన రోజు. పండుగనాడు కూడా ఉపవాసమే ఉండాలని పార్లమెంటు ఆదేశించింది. 1647 జూన్‌లో క్రిస్మస్, ఈస్టర్ పండుగలనే రద్దు చేసింది. ఆ డిసెంబరు 25న క్యాంటర్బరీ మేయరు బజారు మామూలుగా తెరవాలన్నాడు. జనం తిరగబడ్డారు. తెరిచిన దుకాణాలను మూయించారు, ఇంటి గుమ్మాలకు హోలీ అనే ముళ్ల ఆకుల చెట్టు కొమ్మలు కట్టారు, వీధుల్లో ఫుట్‌బాల్ ఆడారు, మేయరును కింద పడేశారు. చరిత్రలో దానికి ప్లమ్ పుడ్డింగ్ అల్లరి అని పేరు పడింది. ప్లమ్ పుడ్డింగ్ అంటే ఈ క్రిస్మస్ పుడ్డింగే. 1648లో విచారణకు కూర్చున్న స్థానిక జ్యూరీ వాళ్ల మీద నేరం మోపడానికి ఒప్పుకోలేదు. ఆ రగడ క్యాంటర్బరీ ఉన్న కెంట్ జిల్లా తిరుగుబాటుగా ముదిరింది, చివరికి జూన్ 1న మెయిడ్‌స్టోన్‌లో పార్లమెంటు సైన్యం దాన్ని అణచివేసింది. 1660లో రాజరికం తిరిగొచ్చాక ఆ నిషేధాలు చెల్లకుండా పోయాయి. దీనంతటినీ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ ఒక్కడి నెత్తిన వేయడం ఇక్కడ మామూలే. కానీ ఆ చట్టాలు చేసింది పార్లమెంటు. అతను దేశాధిపతి అయ్యేసరికే అవి అమల్లో ఉన్నాయి.

రోజూ పనికెళ్లేటప్పుడు నేను నడిచే హై స్ట్రీట్ ఈ అల్లర్లు జరిగిన ఊరిలోదే. నాకు ఈ పండుగ మీద గౌరవం పెరిగింది ఈ కథ విన్నాకే. పండుగ చేసుకునే హక్కు కోసం మామూలు జనం వీధిలోకొచ్చారు. వాళ్లు వేదాంతం వాదించలేదు. తలుపుకి ఒక కొమ్మ కట్టారు, పొయ్యి మీద తమ వంట తాము వండుకోవాలనుకున్నారు.

పుడ్డింగుల మీది తడిసిన కాగితం తీసేసి, కొత్తది కట్టి, బ్రాందీది మెట్ల కింది చల్లటి అరలో, మాది ఫ్రిజ్‌లో పెట్టాం. వారానికోసారి పెద్దావిడ వచ్చి, పుల్లతో గుచ్చి, ఒక స్పూను బ్రాందీ పోసి వెళ్లేది. ఆవకాయ ఊరినట్టే ఇది కూడా ఊరుతుంది. మొదట్లో విడివిడిగా ఉన్న మసాలా ఘాటు, చక్కెర తీపి, తొక్కల చేదు నెల తిరిగేసరికి ఒక్కటవుతాయి.

ఆ నెలలో నేను చదివినవాటిలో ఒకటి మింగుడు పడలేదు. 1927లో ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు రాజుగారి వంటవాడి దగ్గర తీసుకున్న పుడ్డింగ్ తయారీని దేశమంతా పంచింది. గ్రీసు కరంట్లు మానేసి సామ్రాజ్యపు సరుకులే కొనండని దాని ఉద్దేశం. ఎండుద్రాక్ష ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల నుంచి, దాల్చిన చెక్క సిలోన్ నుంచి, లవంగాలు జాంజిబార్ నుంచి, రమ్ జమైకా నుంచి, బ్రాందీ సైప్రస్ నుంచి, మసాలా ఇండియా నుంచి. ఒక్క గిన్నెలో ఏలుబడిలోని దేశాలన్నిటినీ వేసి, దాన్ని కుటుంబ ప్రేమకు గుర్తుగా చూపించారు. ఆ చక్కెరా రమ్మూ ఇచ్చిన తోటల్లో తరాల పాటు బానిసలు చాకిరీ చేశారన్న మాట ఆ ప్రకటనల్లో ఎక్కడా లేదు. పెద్దావిడతో ఈ మాట అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ ఆ కాగితాన్నే చూసి నేర్చుకుంది" అంది. పుడ్డింగ్ ఇష్టం కాబట్టి ఆ చరిత్రను పక్కన పెట్టేయడం నా వల్ల కాదు, ఆ చరిత్ర ఉంది కాబట్టి పుడ్డింగును పక్కన పెట్టేయాలనీ అనుకోను. రెండూ మా పాపకు చెప్పాను.

పండుగనాడు రెండింటినీ మళ్లీ రెండు గంటలు ఆవిరి పట్టాం. భోజనమయ్యాక, మూడింటికి రాజుగారి ప్రసంగం విన్నాక (ఈ అలవాటు 1932లో రేడియోతో మొదలైంది) పుడ్డింగులు పళ్లెంలో బోర్లించాం. అంచు చుట్టూ చాకు తిప్పితే చక్కగా జారి దిగాయి. పైన హోలీ కొమ్మ గుచ్చింది పెద్దావిడ. ఆ ముళ్లు క్రీస్తు ముళ్లకిరీటానికి గుర్తంటారు. పుడ్డింగుకి మంట పెట్టే ముందు కొమ్మను తీసేయాలి, దాని పళ్లు విషం, తినేవాటిలో రాలనివ్వకూడదు. బ్రాందీని గరిటెలో గోరువెచ్చగా చేస్తేనే అంటుకుంటుంది, చల్లటిది అంటుకోదు. లైట్లు ఆర్పి, వెలిగించిన బ్రాందీని తన పుడ్డింగ్ మీద పోసింది. నీలం మంట అంచుల వెంట పాకి, క్షణాల్లో ఆరిపోయింది. అమ్మ ముందు కంగారు పడి, తర్వాత చప్పట్లు కొట్టింది.

మా పుడ్డింగ్ మీద మంట లేదు, చిక్కటి కస్టర్డ్ పోసుకున్నాం. ఇంట్లో చేసినదానికీ కొన్నదానికీ తేడా మొదటి స్పూన్లోనే తెలిసింది. నారింజ తొక్క చేదు, జాజికాయ, ఆపిల్ పులుపు ఒకదాని తర్వాత ఒకటి నాలుకకి అందుతాయి. తీపి చివరికి వస్తుంది. చిన్న ముక్క చాలు, ఎక్కువ తింటే కదల్లేం. ఆరు పెన్నీల బిళ్ల పెద్దావిడ పుడ్డింగులో ఉంది, అది మా ఆయన ముక్కలో దొరికింది.

మిగిలినదాన్ని మర్నాడు, బాక్సింగ్ డే పొద్దున, బిళ్లలుగా కోసి వెన్నలో వేయించింది పెద్దావిడ. అంచులు కరకరలాడాయి. అమ్మకు నిన్నటి దానికన్నా అదే నచ్చింది. డోర్నకల్ వెళ్లాక చర్చి ఆడవాళ్లతో కలిసి చేస్తానని సరుకులన్నీ రాసుకుంది. సూయెట్ అక్కడ దొరకదు కాబట్టి, వెన్నను ఫ్రీజర్‌లో గట్టిపరిచి తురిమి వాడమని పెద్దావిడ చెప్పింది. నారింజ తొక్కల్ని ఇంట్లోనే చక్కెర పాకంలో ఊరబెట్టుకోవచ్చు. కరంట్లు లేకపోతే మామూలు నల్ల కిస్మిస్ సన్నగా తరుక్కుంటే సరిపోతుంది. ఇడ్లీ పాత్ర ఎలాగూ ప్రతి ఇంట్లోనూ ఉంది. బేసిన్ మాత్రం నేను ఇక్కడి నుంచే సూట్‌కేసులో, చీరల మధ్య చుట్టి పంపాను.